చేయి తిరిగిన యంత్రం

స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ నగరపు మ్యూజియంలో ఒక పిల్లవాడి బొమ్మ ఉంది. చిన్న బల్ల ముందు కూర్చుని, చేతిలోని పెన్సిలుతో కాగితం మీద గీస్తాడు. అతనికి వచ్చినవి నాలుగే చిత్రాలు: పదిహేనో లూయీ రాజు ముఖం, ఒక రాజదంపతుల జంట, ఒక కుక్కపిల్ల, సీతాకోకచిలుక లాగుతున్న రథం మీద మన్మథుడు. గీస్తూ గీస్తూ మధ్యలో ఆగుతాడు. కాగితం మీద ఉఫ్‌మని ఊదుతాడు. పెన్సిలు పొడి ఎగిరిపోతుంది. మళ్ళీ గీయడం మొదలుపెడతాడు.

గడియారాలు చేసే పియెర్ జాకే-ద్రో, ఆయన కొడుకు ఆన్రీ-లూయీ, వాళ్ళ సహచరుడు లెషో కలిసి 1768-1774 మధ్య చేసిన మూడు బొమ్మల్లో ఇతనొకడు. మిగతా ఇద్దరిలో ఒకడు ఉత్తరం రాస్తాడు, ఒకామె వాద్యం వాయిస్తుంది. గీసేవాడి లోపల సుమారు రెండు వేల విడిభాగాలు ఉన్నాయి. కిటుకంతా అంచులు ఎగుడుదిగుడుగా కోసిన లోహపు బిళ్ళల్లో ఉంది. బిళ్ళ తిరుగుతుంటే దాని అంచును ఆనుకున్న మీట పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలిక చేతికి అందుతుంది. ఒక బిళ్ళ చేతిని అడ్డంగా జరుపుతుంది, ఇంకొకటి ముందుకూ వెనక్కూ జరుపుతుంది, మూడోది పెన్సిలును ఎత్తి దించుతుంది. అంటే కుక్కపిల్ల బొమ్మ కాగితం మీదికి రాకముందే ఆ బిళ్ళల అంచుల మీద చెక్కి ఉంది. ఇంతవరకూ గడియారం పనే. కానీ ఆ ఊపిరి కోసం లోపల ప్రత్యేకంగా ఒక తిత్తి అమర్చారు. ఊదకపోయినా బొమ్మకు వచ్చే నష్టం పెద్దగా లేదు. మరి అంత శ్రమ ఎందుకు? ఊదేవాడు తన పనిని తాను చూసుకుంటున్నట్టు కనిపిస్తాడు. గీత బాగా రావాలని పట్టించుకుంటున్నట్టు కనిపిస్తాడు. ఆ తిత్తి చిత్రకళ కోసం పెట్టింది కాదు, నటన కోసం పెట్టింది.

రోబోలకూ కళకూ ఉన్న సంబంధం గురించి మాట మొదలైతే చర్చ వెంటనే ఒకే ప్రశ్న దగ్గర కూరుకుపోతుంది: యంత్రం కళాకారుడు కాగలదా? వాదించుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఈ రెండున్నర శతాబ్దాల యంత్రాలను వరసగా చూసినవారికి అది పక్కదారి పట్టిన ప్రశ్నలా అనిపిస్తుంది. జాకే-ద్రో బొమ్మ గీసిన కుక్కపిల్లను చూడటానికి ఎవరూ అంత దూరం రాలేదు. అది గీయడాన్ని చూడటానికి వచ్చారు. ఇప్పటి ప్రదర్శనశాలల్లో రోబో చేయి చుట్టూ మూగే జనం కూడా అందుకే మూగుతున్నారు. కళారంగంలో రోబోకు దక్కింది చిత్రకారుడి పీట కన్నా నటుడి వేషం. దాని అసలు చుట్టరికం రంగస్థలంతో.

ఆ మాటకొస్తే రోబో అన్న పేరే నాటకంలో పుట్టింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో కర్మాగారంలో తయారైన కూలీలు ఉంటారు. వాళ్ళను ఏమని పిలవాలో చాపెక్‌కు తోచలేదు. అన్న యోసెఫ్ చిత్రకారుడు. అప్పుడు ఈజిల్ ముందు నిలబడి బొమ్మ వేస్తున్నాడు. తమ్ముడు వెళ్ళి అడిగితే, నోట్లో కుంచె ఉండగానే ‘రోబోట్లు అను’ అని గొణిగి మళ్ళీ తన పనిలో పడిపోయాడట. ఈ సంగతి చాపెక్ స్వయంగా 1933లో ఒక పత్రికకు రాశాడు. చెక్ భాషలో ‘రోబోతా’ అంటే వెట్టిచాకిరీ. నాటకకర్త అడగగా చిత్రకారుడు పెట్టిన పేరు ఇంజనీర్ల దాకా తర్వాతెప్పుడో వచ్చింది. నిజానికి ఆ నాటకంలోని రోబోట్లు ఇనుప బొమ్మలు కూడా కావు, చూపులకు అచ్చం మనుషులే. వేదిక మీద ఆ వేషం వేసిందీ మనుషులే. తెలుగులో మనం పెట్టుకున్న ‘మరమనిషి’ అనే మాట ఈ వ్యవహారాన్ని ఇంకా చక్కగా పట్టుకుంటుంది. అందులో ముందు మర కనిపిస్తుంది, మనిషి దాని వెనక ఉంటాడు.

మాటలు టైపు చేస్తే బొమ్మలు ఇచ్చే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లను కూడా ఈ చర్చలో కలిపేస్తుంటారు. వాటి సంగతి వేరు. వాటికి ఒళ్ళు లేదు. తెర మీద చుక్కల రంగులు లెక్కగట్టే ప్రోగ్రాముకు కుంచె బరువు తెలియదు, కాగితం గరుకు తెలియదు, రంగు ఎండిపోతుందన్న తొందర ఉండదు. రోబో అలా తప్పించుకోలేదు. ఒక గీత గీయాలంటే అది ఒక బరువైన చేతిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి, కాలం ఖర్చు పెట్టి, అందరి కళ్ళ ముందూ కదపాలి. నటనకు చోటు దొరికేది అక్కడే. అసలు సిసలు చిత్రకళా సమస్య ఒకటి ఎదురయ్యేదీ అక్కడే కాబట్టి, ముందుగా దాని సంగతి చూడాలి.

చేయి తిరిగిన చిత్రకారుడు అంటుంటాం. తిరగడం మాటకొస్తే పారిశ్రామిక రోబో చేతిని మించింది లేదు. సాధారణంగా ఆరు కీళ్ళ దగ్గర తిరుగుతుంది. ఒకసారి చేరిన చోటికి మళ్ళీ చేరమంటే మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా రానివ్వదు. అలాంటి చేతికి కుంచె ఇస్తే ఏమవుతుంది? చేయి కుడికి జరుగుతుంది కానీ కుంచె వెంట్రుకల కొస వెంటనే జరగదు, కాస్త వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుంది. దిశ మారిస్తే కొస అటు తిరిగేలోపు గీత ఒంపు తిరుగుతుంది. నొక్కితే లావవుతుంది, తేలిస్తే సన్నబడుతుంది. నాలుగు గీతలు గీసేసరికి కుంచెలో రంగు అయిపోయి అయిదోది గీరుకుపోతుంది. తడి మీద తడి పడితే రెండు రంగులూ కలిసి మూడోదేదో అవుతుంది. చేతి కదలికలో వెంట్రుకవాసి తప్పు లేదు, కాగితం మీద మాత్రం అన్నీ తప్పులే.

జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ‘ఇ-డేవిడ్’ అనే రోబో ఈ చిక్కును దొడ్డిదారి వెతక్కుండా ఎదుర్కొంది. వెల్డింగు పనికి ఉద్దేశించిన రోబో చేతికి అక్కడివాళ్ళు కుంచె పట్టించారు. అది కొన్ని గీతలు వేసి ఆగుతుంది. కెమెరాతో కాన్వాసును ఫొటో తీసుకుంటుంది. తాను వేయాలనుకున్న చిత్రానికీ, నిజంగా పడిన రంగుకూ మధ్య తేడా ఎక్కడుందో లెక్కగడుతుంది. ఆ తేడాను తగ్గించే గీతలు ఏవో ఎంచుకుని మళ్ళీ వేస్తుంది. కుంచె ఎలా వంగుతుందో, రంగు ఎలా పాకుతుందో దానికి ముందే పూర్తిగా చెప్పనక్కర లేదు. పడినదాన్ని చూసి సర్దుకుంటుంది. చిత్రకారుడు రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించి చూసి, మళ్ళీ కాన్వాసు దగ్గరికి వెళ్ళడం లాంటిదే ఇది. ఎదుట జనం ఉన్నా లేకపోయినా దానికి ఆ చూపు కావాలి. రోబోను చిత్రకారుడిగా నిలబెట్టి వాదించదలచినవారికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. విచిత్రమేమంటే జనాన్ని పెద్దగా ఆకట్టుకున్న రోబోల జాబితా వేస్తే ఇది పైవరసలో రాదు.

లండన్‌లో చదువుకున్న ఫ్రెంచ్ కళాకారుడు పాట్రిక్ ట్రెసె చేసిన ‘పాల్’ రోబోలకు మాత్రం జనం బారులు తీరతారు. పాత బడి బల్ల, దానికి బిగించిన సన్నని రోబో చేయి, ఆ చేతిలో మామూలు బాల్‌పెన్ను, పక్కన మెడలాంటి కాడ మీద ఒక కెమెరా. ఎదురుగా కుర్చీలో మనిషి కూర్చుంటే ఆ ముఖం గీస్తుంది. ఒక ప్రదర్శనలో అయిదు ‘పాల్’లు ఒకే మనిషిని చుట్టుముట్టి గీస్తాయి. కెమెరా పైకి లేచి మనిషిని చూస్తుంది, కిందికి వంగి కాగితాన్ని చూస్తుంది, మళ్ళీ మనిషిని చూస్తుంది. కూర్చున్నవాళ్ళు తెలియకుండానే నిటారుగా సర్దుకుంటారు. రోబోకు కావలసిన ముఖం మొదట తీసుకున్న ఫొటోలోనే ఉంది. ఆ తర్వాతి చూపుల్లో చాలావరకు నటన కోసమే. ట్రెసె దీన్ని దాచుకోలేదు కూడా. న్యూషాటెల్ పిల్లవాడి ఉఫ్‌మనే ఊపిరికీ ఈ కెమెరా తల ఊపుకీ మధ్య దాదాపు 240 ఏళ్ళు గడిచాయి. పని మాత్రం ఒకటే.

ఇది ఇష్టం లేని కళాకారుడు కూడా ఒకాయన ఉన్నాడు. హెరాల్డ్ కోహెన్ పేరున్న చిత్రకారుడు. 1966లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున పాల్గొన్నాడు. తర్వాత కాలిఫోర్నియా వెళ్ళి, 1970ల మొదట్లో ‘ఆరన్’ అనే ప్రోగ్రాము రాయడం ప్రారంభించి, 2016లో చనిపోయేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. ఆకారం లోపలిదేది, బయటిదేది, ఏది ముందుంది, ఏది వెనక ఉంది వంటి నియమాలను ప్రోగ్రాములో పెట్టి, ఫొటోల సాయం లేకుండా దానంతట అదే బొమ్మలు కూర్చేలా చేశాడు. తొలి రోజుల్లో ఆ బొమ్మలను నేల మీద పరిచిన కాగితంపై గీసింది తాబేలు లాంటి చిన్న చక్రాల బండి. జనం తాబేలుతో ప్రేమలో పడ్డారు. అది అటూ ఇటూ చూసుకుంటూ ఆలోచించి తిరుగుతోందనుకున్నారు. నిజానికి దానికి చూపే లేదు. ఆలోచన అంటూ ఉంటే అది మూలనున్న కంప్యూటరులో ఉంది. 1990లలో రంగులు కలిపి వేసే యంత్రాన్ని తయారుచేస్తే మళ్ళీ అదే తంతు. బొమ్మ చూడండి బాబూ అంటే బొమ్మ వేసేదాన్ని చూస్తారు. కోహెన్ క్రమంగా యంత్రాలను పక్కన పెట్టి, చివరి రోజుల్లో ఆరన్ గీసిన గీతల మీద రంగులు తానే వేసుకున్నాడు. తన జీవితకాలపు ప్రశ్నకు జవాబు ప్రోగ్రాములో ఉందని నమ్మినవాడికి, జనం కళ్ళన్నీ చక్రాల మీద ఉండటం ఎంత చిరాకు కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. కానీ ఈ విషయంలో జనాన్ని తప్పుపట్టడం కష్టం. కదిలేదాన్ని చూడకుండా ఉండటం కంటి వల్ల కాదు.

కంటికున్న ఈ బలహీనతను అందరికన్నా ముందు పూర్తిగా అర్థం చేసుకున్నవాడు శిల్పి ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ కావచ్చు. ఆయన చేసిన ‘సెన్‌స్టర్’ 1970లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో, ఫిలిప్స్ కంపెనీ కట్టిన ఎవొల్యువాన్ ప్రదర్శనశాలలో నిలబడింది. వెల్డింగు చేసిన ఉక్కు గొట్టాల అస్థిపంజరం, దాదాపు పదిహేను అడుగుల పొడవు, మూడు కాళ్ళు, పొడవాటి మెడ. మెడలోని కీళ్ళు ఎండ్రకాయ జాతి జీవుల కాలి కీళ్ళను చూసి రూపొందించినవి. ముఖం లేదు, కళ్ళు లేవు, తోలు కప్పలేదు. తల ఉండవలసిన చోట కొన్ని మైకులు, కదలికను పసిగట్టే రాడార్లు ఉన్నాయి. ఒక కంప్యూటరు దాన్ని నడిపేది. కంప్యూటరుతో అప్పటికప్పుడు స్పందించేలా చేసిన శిల్పాల్లో మొదటివాటిలో ఒకటిగా దీన్ని చెబుతారు.

దాని నడత చాలా చిన్నది. మెల్లని చప్పుడు వినిపిస్తే అటు తల తిప్పుతుంది, దగ్గరికి వంగుతుంది. పెద్దగా అరిస్తే, చప్పట్లు కొడితే, ఎదుట గబగబా కదిలితే తల వెనక్కి లాక్కుంటుంది. అంతే. చూసినవాళ్ళు మాత్రం అది సిగ్గరి అన్నారు, కుతూహలం ఎక్కువన్నారు, బెదురుగొడ్డు అన్నారు. పిల్లలు గుసగుసలాడి దాన్ని దగ్గరికి పిలవడం నేర్చుకున్నారు. ఇహ్నాటోవిచ్ గమనించినది ఇది: యంత్రంలో ఉన్నది నాలుగు నియమాలే అయినా, ఎదుట ఉన్నది వందల మంది అరుపులు, అడుగుల చప్పుళ్ళు, ఆ చప్పుళ్ళ ప్రతిధ్వనులు. వాటన్నిటికీ ఏకకాలంలో స్పందించడం వల్ల దాని ప్రవర్తన ఎంతో చిక్కనిదిగా కనిపించింది. రెండో కారణం కదలికలోని నునుపు. మెడ ఒక్కసారిగా బయల్దేరి ఒక్కసారిగా ఆగేది కాదు. నెమ్మదిగా వేగం అందుకుని నెమ్మదిగా ఆగేది. జంతువుల కదలిక అలాగే ఉంటుంది. ముఖం చెక్కే పని పక్కన పెట్టి కదలికను చెక్కడం మీద ధ్యాస పెట్టిన శిల్పి ఆయన. 1970ల మధ్యకు వచ్చేసరికి దాన్ని విప్పేశారు. ఉక్కు అస్థిపంజరం దశాబ్దాల పాటు ఒక సంస్థ ఆవరణలో ఎండకూ వానకూ ఉండిపోయింది. పోలండ్‌లో క్రాకోవ్ నగరంలోని ఏజీహెచ్ విశ్వవిద్యాలయంవారు దాన్ని కొని, బాగుచేసి 2018లో మళ్ళీ కదిలించారు.

బొమ్మకు ప్రాణం పోశాడు అని శిల్పిని మెచ్చుకోవడం మనకు అలవాటు. సెన్‌స్టర్ దగ్గర ఆ ప్రాణం పోసింది ఎవరు? 1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మారియన్ సిమ్మెల్ అనే మనస్తత్వవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం కదిలే చిన్న చిత్రం తీసి కొందరికి చూపించారు. ఏం చూశారో చెప్పమంటే దాదాపు అందరూ పెద్ద త్రిభుజం దుర్మార్గుడనీ, చిన్నవాళ్ళిద్దరూ తప్పించుకుని పారిపోయారనీ కథ చెప్పారు. మన ఆలంకారికులు రసం పాత్రలో ఉంటుందా, నటుడిలో ఉంటుందా, ప్రేక్షకుడిలో ఉంటుందా అని శతాబ్దాల పాటు వాదించుకుని, చివరికి సహృదయుడి వైపు, అంటే మనసు పెట్టి చూసే ప్రేక్షకుడి వైపు, మొగ్గారు. నటుడు మనిషైనంత కాలం ఆ వాదనలో ఎంతో కొంత అనుమానం మిగిలే ఉంటుంది. ఏమో, అతనూ లోపల నిజంగా ఏడుస్తున్నాడేమో. రోబో ఎదుట ఆ అనుమానానికి తావు లేదు. లోపల ఏముందో చేసినవాళ్ళకు మర మరకూ తెలుసు. అయినా చూసేవాడి గొంతులో ఉండ కడుతుందంటే అది ఎటు నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పనక్కర లేదు.

చైనా కళాకారులు సన్ యువాన్, పెంగ్ యూ 2016లో న్యూయార్కులోని గుగెన్‌హైమ్ మ్యూజియం కోసం చేసిన పనిని చూస్తే ఇది ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. పారదర్శకమైన గోడల గదిలో ఒక పారిశ్రామిక రోబో చేయి. దాని చుట్టూ నేల మీద రక్తంలా ఎర్రని, చిక్కని ద్రవం. ద్రవం ఒక హద్దు దాటి పాకగానే కెమెరాలు పసిగడతాయి. చేయి అటు తిరిగి, చివరనున్న వెడల్పాటి పారతో దాన్ని మధ్యకు లాగుతుంది. లాగినప్పుడల్లా ఎర్రటి తుంపర గోడల మీద చిందుతుంది. ఒక పక్క లాగేలోపు ఇంకో పక్క జారుతుంది. పని ఎప్పటికీ పూర్తి కాదు. మధ్యమధ్యలో చేయి దురద గోక్కున్నట్టు, వంగి దండం పెట్టినట్టు, ఒళ్ళు ఊపినట్టు చేస్తుంది. ఇలాంటివి మొత్తం 32 కదలికలు దానికి నేర్పారు.

2019లో వెనిస్ బినాలేలో ప్రదర్శించాక దాని వీడియోలు సామాజిక మాధ్యమాల్లో లక్షల మందిని కదిలించాయి. వాటితో పాటే ఒక కథ కూడా పాకింది: ఆ ఎర్ర ద్రవం రోబో ఒంట్లోంచి కారిపోతున్న నూనె అనీ, అది లోపలికి తోడుకోకపోతే ఆగిపోతుందనీ, మొదట్లో హుషారుగా ఆడిన చేయి ఏళ్ళు గడిచేసరికి అలసి చచ్చిపోయిందనీ. అందులో ఒక్కటీ నిజం కాదు. ఆ చేయి విద్యుత్తుతో నడుస్తుంది, నేల మీది ద్రవంతో దానికి ప్రాణావసరం ఏమీ లేదు. కళాకారులు రాయని కథను చూసినవాళ్ళు రాసి, దానికి వాళ్ళే కన్నీళ్ళు పెట్టుకున్నారు. అలాగని చూసినవాళ్ళను అమాయకులు అనుకుంటే పొరపాటు. రోబోతా అంటే వెట్టిచాకిరీ కదా. ఎంత చేసినా తరగని పని, హద్దు దాటనివ్వని కాపలా, మధ్యలో కాసేపు ఆడినట్టు చేయక తప్పకపోవడం, ఇవన్నీ ఆ గదిలో నిజంగానే ఉన్నాయి. నూనె సంగతి పొరపాటు పడ్డారు కానీ చాకిరీ సంగతి సరిగ్గానే పోల్చుకున్నారు. ముఖం ఉన్న రోబో ఏదీ ఇంతవరకు ఇంత పని చేయలేదు.

యంత్రాన్ని ఇలా వేదిక ఎక్కించడంలో వెటకారానికీ లోటు లేదు. స్విస్ శిల్పి జాన్ టింగ్లీ 1959లో గీతలు గీసే యంత్రాలు చేసి, భావావేశంతో కుంచె విసిరే నైరూప్య చిత్రకారులను ఏడిపించాడు. మరుసటి ఏడు మార్చిలో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం తోటలో, తనను తాను విరగ్గొట్టుకునే పెద్ద యంత్రాన్ని నిలబెట్టాడు. అది 27 నిమిషాలు విరిగి, మండి, చివరికి అగ్నిమాపక సిబ్బంది చేతిలో ముగిసింది. కొరియాలో పుట్టిన కళాకారుడు నామ్ జూన్ పైక్ 1964లో చేసిన కె-456 అనే రోబో వీధుల్లో నడుస్తూ కెనెడీ ప్రసంగం వినిపించేది, వెనక నుంచి చిక్కుడు గింజలు రాల్చేది. 1982లో పైక్ దాన్ని రోడ్డు దాటిస్తూ కారు గుద్దేలా ఏర్పాటు చేసి, ఇరవై ఒకటో శతాబ్దపు తొలి ప్రమాదం అని పేరు పెట్టాడు. నటుడన్నాక వేదిక మీద చావడం కూడా రావాలి మరి.

ఈ విద్య కళ దగ్గరే ఆగిపోలేదు, ఇంజనీరింగుకూ పాకింది. మనిషిని దాదాపుగా పోలి, పూర్తిగా పోలని రోబోను చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి 1970లో రాశాడు. ఆ వ్యాసాన్ని అందరూ ఉటంకిస్తారు కానీ అందులో ఆయన బున్‌రాకు బొమ్మ గురించి, అంటే జపాన్ సంప్రదాయ చెక్క కీలుబొమ్మ గురించి, చెప్పిన ముక్కను చాలామంది వదిలేస్తారు. దగ్గర నుంచి చూస్తే ఆ బొమ్మ పరిమాణం కానీ చర్మం కానీ మనిషిలా ఉండవు. అయినా నాటకశాలలో దూరంగా కూర్చుని చూసే ప్రేక్షకుడు దానికి మనసు ఇచ్చేస్తాడని మోరి గుర్తించాడు. పోలిక కన్నా కదలికది పైచేయి అన్నమాట. 2011లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం కోసం పరిశోధకులు ఒక యానిమేటర్‌ను పిలిచి రోబోకు కదలికలు దిద్దించారు. తలుపు తెరవబోయే ముందు రోబో ఒక్క క్షణం దాన్ని పరికించి చూస్తే, అది ఏం చేయబోతోందో చూసేవాళ్ళకు నమ్మకంగా అర్థమైంది. తెరవలేకపోయాక నిరుత్సాహపడినట్టు కదిలితే, తెరవలేకపోయినా సరే, అది తెలివైనదని మార్కులు వేశారు. మనుషుల పక్కన పనిచేసే రోబోలకు ఇది సరదా కోసం కాదు. ఎటు తిరగబోతోందో ముందే తెలియకపోతే ఆ చేయి ఎవరికైనా తగులుతుంది. జపాన్ నాటక దర్శకుడు ఒరిజా హిరాతా, రోబో నిపుణుడు హిరోషి ఇషిగురో 2010లో ఒక ఆండ్రాయిడ్‌ను, అంటే అచ్చం మనిషిలా కనిపించే రోబోను, చావుకు దగ్గరైన అమ్మాయికి కవిత్వం చదివి వినిపించే పాత్రలో నిలబెట్టారు. నటుల విరామాలను సెకన్ల లెక్కన చెప్పి చేయించే దర్శకుడిగా హిరాతాకు పేరు. అలాంటివాడికి రోబో దొరకడం, అడగకుండానే వరమిచ్చినట్టు.

నటనకు మార్కెట్లో ఎంత ధర పలుకుతుందో ‘ఐ-డా’ చెప్పింది. బ్రిటన్‌లోని గ్యాలరీ యజమాని ఏడన్ మెలర్ ఆధ్వర్యంలో 2019లో బయటికి వచ్చిన ఈ రోబోకు అమ్మాయి ముఖం, నల్లటి జుట్టు, ఇనుప చేతులు. కంటి స్థానంలో కెమెరాలు. 2021లో ఈజిప్టు పిరమిడ్ల దగ్గర ప్రదర్శనకు తీసుకువెళితే, కళ్ళలో కెమెరాలు ఉన్నాయి కనుక గూఢచారి కావచ్చని అక్కడి సరిహద్దు అధికారులు పది రోజులు ఆపేశారు. ఈ వేషాన్ని వాళ్ళంత గట్టిగా నమ్మిన ప్రేక్షకులు మళ్ళీ దొరకలేదు. 2024 నవంబరులో ఐ-డా పేరుతో వచ్చిన, కంప్యూటరు శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన అలన్ ట్యూరింగ్ ముఖచిత్రం సదబీస్ వేలంలో పది లక్షల డాలర్లు దాటింది; వేలం సంస్థ వేసిన అంచనా గరిష్ఠంగా లక్షా ఎనభై వేలే. ఆ పెద్ద కాన్వాసు అంతా ఆ ఇనుప చేయి వేసింది కూడా కాదు. రోబో గీసిన చిన్న చిత్రాలను కంప్యూటరులో కలిపి, పెద్దగా ముద్రించి, పైన మెరుగులు దిద్దారు. చిత్రంగా చూస్తే అందులో అంత డబ్బు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. ముఖాన్ని, పేరును, ఆ ముఖం ఇచ్చే ఇంటర్వ్యూలను కలిపి చూస్తేనే లెక్క కుదురుతుంది. బొమ్మ వేయడానికి కనురెప్పలు అక్కర లేదు. అమ్మడానికి పనికొస్తాయి.

సంతకం సంగతికి వస్తే, పోర్చుగల్ కళాకారుడు లియోనెల్ మౌరా చేసిన ఒక చక్రాల రోబో కాన్వాసు మీద తిరుగుతూ రంగు గీతలు వేసి, ఇక చాలు అని తానే తేల్చుకుని, మూలకు వెళ్ళి తన పేరు రాస్తుంది. చట్టం మాత్రం ఆ సంతకాన్ని ఒప్పుకోవడం లేదు. కర్త మనిషి కాకపోతే కాపీరైటు లేదని అమెరికాలో ఒక అప్పీళ్ళ కోర్టు 2025 మార్చిలో తేల్చింది. కంప్యూటరు చేసిన పనికి, అందుకు ఏర్పాట్లు చేసిన మనిషే కర్త అని బ్రిటన్ చట్టం 1988లోనే రాసుకుంది. వేషం ఎవరిదైనా కర్తగా సూత్రధారి పేరే ఉండాలన్న పట్టుదల రెండింటిలోనూ ఉంది.

ఈ తగువును రెండు వందల ఏళ్ళ కిందటే తనదైన పద్ధతిలో తీర్చిన యంత్రం ఒకటి ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 1928 నవంబరులో అది ఆ సంస్థకు ముక్కలుగా, నిప్పులో పడి పాడైన స్థితిలో వచ్చింది. ఇచ్చిన కుటుంబానికి అది ఎవరు చేశారో సరిగ్గా తెలియదు. వాళ్ళు చెప్పిన పేరు వేరే ఒకరిది. ఒక మెకానిక్ ఓపికగా భాగాలు కూర్చి, చేతిలో కలం పెట్టి, స్ప్రింగు బిగించి వదిలాడు. బొమ్మ తల దించింది. ఓడ బొమ్మ గీసింది, ఇంకా కొన్ని గీసింది, పద్యాలు రాసింది. మొత్తం నాలుగు బొమ్మలు, మూడు పద్యాలు. చివరి పద్యం అంచున ఫ్రెంచిలో ఒక వాక్యం చేర్చింది: ‘మైయార్దే వారి యంత్రం రాసినది’. ఆన్రీ మైయార్దే 1800 ప్రాంతంలో లండన్‌లో పనిచేసిన స్విస్ మెకానిక్. తనను చేసినవాడి పేరును ఆ బొమ్మ బిళ్ళల అంచుల్లో మోసుకుంటూ వచ్చింది, అడిగేవాళ్ళు వచ్చాక రాసి ఇచ్చింది. రాసినది యంత్రం. యంత్రం మైయార్దేది. ఎవరి వాటా ఎంతో ఆ వాక్యంలోనే ఉంది.